ఎర్ర చిగురు ఫొటో

మేపుల్ చెట్టును నేను గని ఆఫీసు క్యాలెండరులో చూశానంతే. గని మూతపడ్డాక నాకు మిగిలిన ఆధారం శ్రీనివాసపురంలోని మామిడితోట. క్యాలెండరు ఎవరు పట్టుకుపోయారో అది వేరే కథ.

పక్కతోట ఉమేశ్ కెమెరాతో వచ్చాడు. “మామా, అచ్చం మేపుల్ మాదిరి ఎర్ర చిగురు యాడుండాది?”

చిగురేసిన చెట్టు ఆ ఏడు కాయదు. నా తోటంతా పూతే అయినా, వెతికి మూడు చిగురు చెట్లు చూపించాను.

“కింద నిలబడి నగు మామా!”

పూత చూసి తోటలు గుత్తకు తీసుకునే బచ్చప్ప ఈసారి నా తోటకు రాలేదు. ఫోన్ చేశాను.

“ఉమేశ్ తోట మాట్లాడేసినానప్పా. నీ తోటలో పూత యాడుండాది? అంతా చిగురే! ఫొటో పంపించినాడు.”

“ఒక్కసారి వచ్చి చూడప్పా!”

“ఇంగ చూసేదేముండాది? ఫొటోలో నువ్వే నగతా చూపిస్తా ఉండావే!”