ఎర్ర బటన్

ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు పక్కనున్న ఎర్ర బటన్‌ను ఇన్‌స్పెక్టరు నొక్కాడు. మిషను కిక్కురుమనకుండా ఆగిపోయింది. లోపలికి దిగిన బటన్ అలాగే ఉండిపోయింది. చేత్తో తిప్పితేగానీ బయటికి రాలేదు.

“ఇంత బాగా పనిచేస్తుంటే, నిన్న ఇందులో నలిగిపోయినతను ఎందుకు నొక్కలేదు?”

“కంగారులో తోచలేదేమో సార్,” అన్నాడు ఎలక్ట్రీషియను.

‘కార్మికుడి నిర్లక్ష్యం’ అని ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు.

చనిపోయినవాడి భార్య గుమ్మం దగ్గరే నిలబడి ఎలక్ట్రీషియన్ని అడిగింది.

“అన్నయ్యా, ఒక్కసారి నొక్కి ఉంటే ఆయన బతికేవారా?”

“బతికేవాడమ్మా.”

నిన్న అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది ఎలక్ట్రీషియనే. అప్పటికి బటన్ లోపలికి దిగి ఉంది, దాని నిండా నెత్తురు. తుడిచాడు. తిప్పి బయటికి తీశాడు. ఆ తర్వాత, మాటిమాటికీ మిషను ఆగిపోతోందని వారం కిందట తానే పీకేసిన ఆ బటన్ వైరును మళ్లీ కలిపాడు.