ఫ్యూజు నా గుప్పిట్లో

గుణదల తిరునాళ్ళకు ఇక రెండు రోజులే ఉన్నాయనగా, మా అమ్మాయి అమలమ్మ బన్నులు కాల్చి అమ్ముకునే కరెంటు ఓవెను కాలిపోయింది. ఊరు విడిచిపోతున్న దొరల దగ్గర ఇంకొకటి కొని తెచ్చుకుంది గాని, దాన్ని గోడలోని తీగలకు కలపాలి.

"తిరునాళ్ళ అయ్యాక చూద్దాం లెండి," అన్నాడు లైనుమాను సాంబమూర్తి.

"అయితే నేనే కలుపుకుంటా!" అంది నా బంగారు తల్లి.

మర్నాడు పొద్దున్నే సాంబమూర్తి అటుగా వచ్చి, అరుగు మీద నన్నూ, నా గుప్పిట్లో ఫ్యూజునూ చూసి పకపకా నవ్వాడు.

"లాక్కున్నారా పెద్దాయనా? భలే పని చేశారు! కరెంటే లేకపోతే ఇహ ఆవిడేం చేస్తుంది? ఇటివ్వండి, నా దగ్గరుంచుతా."

"చెయ్యి తియ్యవయ్యా!" అని అరిచాను.

అంతలో లోపలినుంచి కేక వినిపించింది. "అయిపోయింది నాన్నా, ఫ్యూజు పెట్టెయ్!"

వెళ్ళి పెట్టాను. ఓవెనులో కాయిలు నిప్పులా ఎర్రబడింది. నా ఆనందం ఏమని చెప్పను!

సాంబమూర్తి నోరు తెరిచాడు. "మరి ఫ్యూజు ఎందుకు లాక్కున్నారండీ?"

"లాక్కోలేదయ్యా. ముప్పై ఏళ్ళు కరెంటు స్తంభాలెక్కాను. నేను తీగల మీదుండగా ఎవరు తిరిగి పెట్టేస్తారోనని, పని చేసినన్నాళ్ళూ ఎవరినీ నమ్మక, ఫ్యూజు నా బొడ్లోనే దోపుకున్నాను. నా కూతురు మాత్రం తీగలు ముట్టుకునే ముందు, తన ప్రాణం తెచ్చి నా చేతిలో పెట్టింది!"