చీటా పిలుపు

ఆ పిలుపు ఆగితే బాగుండునని లెకిషోన్ స్టీరింగు గట్టిగా పట్టుకున్నాడు. పొద్దున్నుంచీ చీటా గడ్డిలోకి చూస్తూ పిట్టలా కూస్తూనే ఉంది.

"ఎంత ముద్దుగా ఉందో!" అడవి చూడ్డానికొచ్చిన టూరిస్టు మరైకె జీపు పైకప్పులోంచి తల బయటపెట్టి ఫొటోలు తీస్తోంది. "ఏమంటోంది?"

"పిల్లల్ని పిలుస్తోంది మేడమ్."

"రెండూ పక్కనే ఉన్నాయిగా?"

నిన్న మూడున్నాయి. చీటా కనబడగానే రేడియోలో తోటి డ్రైవర్లకు చెప్పింది లెకిషోనే. ఒకరికొకరు చెప్పుకోవడం అక్కడి వాడుక. దాచినవాడికి మర్నాడు సింహం జాడ ఎవరూ చెప్పరు. జీపులన్నీ వచ్చి చుట్టుముట్టాయి. తల్లి ఇవతల, ఒక పిల్ల అవతల ఉండిపోయాయి. ఆ పిల్లను హైనా ఎత్తుకుపోయింది.

రేడియో గరగరలాడింది. పార్మెత్, చెల్లెలి మొగుడు, తనలాగే డ్రైవరు.

"ఏం బావా, నోట్లో మాంసం ముక్క ఉందా? పలకవేం? ఏమైనా కనబడిందా?"

"గడ్డి తప్ప ఏం లేదు."

"ఒక్కడివే దాచుకున్నావని తెలియాలి, నీ పని చెప్తా!"

ఆ భాష మరైకెకు రాదు. "ఏమడిగాడు?"

"ఇక్కడేముందని."

"చెప్పావా?"

"లేదు మేడమ్. నిన్న చెప్పాను."

ఆమెకు అర్థం కాలేదు. అబద్ధమాడితే మనసు తేలికపడుతుందనుకున్నాడు, పడలేదు. చీటా లేచి జీపు దగ్గరకొచ్చింది. అవతల గడ్డి కనబడక అటూ ఇటూ మెడ సాచింది. ఇవాళ అడ్డంగా ఉన్నది తన జీపొక్కటే.

"కదలకు, ఇంకొక్క ఫొటో!" అంది మరైకె.

లెకిషోన్ జీపును మెల్లగా వెనక్కి తీశాడు.