ఖాళీ పొట్లం దొంగ

“సంచి చూపించండి,” అన్నాడు ఎక్కెహార్ట్. తలుపు దాటబోతున్న రోస్‌విటా మణికట్టు అతని పిడికిట్లో ఉంది.

సంచిలో కాఫీ పొట్లం ఉంది. ఖాళీది. ఆ దుకాణంలో అన్నీ ఖాళీవే. జర్మనీలోని మాగ్డెబుర్గ్ ఊళ్లో నిరుద్యోగులకు పని నేర్పడానికి పెట్టిన ఉత్తుత్తి దుకాణం అది. సగం మంది అమ్మినట్టు నటిస్తారు, మిగతావాళ్లు కొన్నట్టు. ఎక్కెహార్ట్‌ది కాపలా. ఖాళీ పొట్లాలు ఎవరు దొంగిలిస్తారు? అతని పనితనం చూపించే సందర్భం ఇంతవరకూ రాలేదు.

ఆ రోజు మాత్రం ఒక నిజం దుకాణం యజమాని, కాపలాకు మనిషి కావాలని వచ్చి గల్లాపెట్టె పక్కన నిలబడి ఉన్నాడు. ఈ అవకాశం తప్పితే యాభై ఏడేళ్ల ఎక్కెహార్ట్‌ను మళ్లీ పిలిచేవాళ్లు లేరు.

శిక్షకుడు ష్లూటర్ వచ్చి పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఉత్త అట్ట కదండీ,” అంది రోస్‌విటా.

“అట్టయినా దొంగతనమే. మిమ్మల్ని శిక్షణ నుంచి తీసేస్తున్నాను. భృతిలో మూడో వంతు కోస్తారు. ఇవాల్టి నుంచి మీరు నిరుద్యోగి.”

“మరి నిన్నటిదాకా ఏమిటట?”

“శిక్షణలో ఉన్నారు. కొత్త చట్టం వచ్చాక శిక్షణలో ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు.”



“సరే. చెయ్యి వదలమనండి ఈయన్ని.”

యజమాని ఎక్కెహార్ట్‌ను పక్కకు పిలిచి, ఖాళీ పొట్లాన్ని కూడా వదలని మనిషే తనకు కావాలన్నాడు. సోమవారం నుంచి రమ్మన్నాడు.

సాయంత్రం ష్లూటర్ పైఆఫీసుకు ఫోన్ చేశాడు. తమ దగ్గర ఒకరికి ఉద్యోగం దొరికిందనీ, దాంతో ఊళ్లో నిరుద్యోగులు ఒకరు పెరిగారనీ చెప్పాడు. అవతలివాళ్లు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాడు.

ట్రామ్ స్టాపులో సన్నగా వాన పడుతోంది. రోస్‌విటా మణికట్టు రుద్దుకుంటోంది. ఎక్కెహార్ట్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“నొప్పెట్టిందా?” అన్నాడు.

“నిన్న మన వంటింట్లో ప్రాక్టీసు చేసినప్పుడు ఇంత గట్టిగా పట్టుకోలేదుగా నువ్వు.”