వదులైన చొక్కా

నర్సు మళ్ళీ అదే చొక్కా తెచ్చి కుట్టుమిషను మీద పెట్టింది.

“వదులైపోయిందక్కా. పక్కలు ఇంకాస్త లోపలికి కుట్టాలి.”

టైలరమ్మ ఆ చొక్కాని కొట్టులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకూ కనిపించేలా ఎత్తి పట్టుకుంది.

“పెళ్ళి కాలేదంటావు. మరి ఈ మగచొక్కా ఎవరిదమ్మా? రోజూ డ్యూటీ దిగి వెనక సందులోకి పోతావట. పాపం, నీ సేవలకే చిక్కిపోతున్నట్టున్నాడు.”

ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు.

రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన నర్సుకి కాళ్ళు పీకుతున్నాయి. స్టూలు మీద కూలబడి, “సాయంత్రానికి ఇస్తారా?” అంది.

“ఇస్తాలే. పరువు కోసం తాగుబోతు తమ్ముణ్ణే గడప దాటించినదాన్ని. నాకు మొహమాటాల్లేవు.”

నర్సు ఆ చొక్కా వైపు ఒకసారి చూసి లేచి వెళ్ళింది.

ఆదివారానికి ఆ మాట చర్చి అంతా పాకింది. ఆమె కూర్చున్న బెంచీలో ఇంకెవరూ కూర్చోలేదు. ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు.

పాస్టరమ్మకి మనసు చివుక్కుమంది.

“ఒక్క మాట చెప్పి వాళ్ళ నోళ్ళు మూయించొచ్చుగా తల్లీ?”

“ఒకరికి మాటిచ్చానమ్మగారూ. ప్రభువు కూడా నిందలు మోస్తూ నోరు విప్పలేదు కదా. నాకైతే రోజూ నాలుక చివరిదాకా వస్తోంది. అలిసిపోయాను. ఆ టైలరక్క కోసం ప్రార్థన చేయండి.”

చొక్కా మరో రెండుసార్లు కొట్టుకొచ్చింది. రెండుసార్లూ టైలరమ్మ ఊరుకోలేదు. రెండుసార్లూ నర్సు “థాంక్సక్కా” అని పట్టుకెళ్ళింది.

ఆ తర్వాత రాలేదు.

వెనక సందులో ఎవరో పోయారని తెలిసి టైలరమ్మ కొట్టు మూసి మరీ వెళ్ళింది. ఆ మగాడెవరో చూడకపోతే ఆమెకి నిద్రపట్టేలా లేదు.

శవపేటిక పక్కన పాస్టరమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. నర్సు అతనికి స్నానం చేయించి, చొక్కా తొడిగి, పొద్దున్నే తన పెట్టె తీసుకుని ఊరు వదిలి వెళ్ళిపోయిందట.

టైలరమ్మ ముందు చొక్కా కుట్లు చూసింది. తన చేతి కుట్లే. తర్వాత ముఖం చూసింది.

“తమ్ముడూ...”

పాస్టరమ్మ ఆమెను పట్టుకుని కూర్చోబెట్టింది.

“నీ పరువు పోతుందని నీ తమ్ముడే నీకు చెప్పనివ్వలేదట. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పింది. చొక్కా మాత్రం మా అక్క చేతే కుట్టించమనేవాడట. అందుకేనమ్మా, నువ్వెన్ని అన్నా ఆ పిల్ల ఇంకో కొట్టుకి పోకుండా ప్రతిసారీ నీ దగ్గరికే వచ్చింది.”