చెట్టు పక్కన పెద్దాయన

"కొంచెం పక్కకు జరగండి."

ఆ మాట ఆమెకు కొత్తేం కాదు. పదేళ్లుగా రైల్వే టికెట్ కౌంటర్లో కూర్చుని రోజుకు వెయ్యిసార్లు అనే మాటే. నిద్రలో కూడా అంటుందని ఇంట్లోవాళ్లు ఆటపట్టిస్తారు.

కొత్తదల్లా చేతిలోని కెమెరా. బావగారిని బతిమాలి తెచ్చుకుంది.

ఆయన ఇస్తూ ఇస్తూ ఒక్కటే పాఠం చెప్పాడు. "చీకట్లో లైట్లు తియ్యాలంటే ఫ్లాష్ వద్దు. కుర్చీ మీదో బల్ల మీదో ఆనించి నొక్కు. నొక్కాక రెండు సెకన్లు ఏదీ కదలకూడదు. కదిలిందల్లా చెరిగిపోయినట్టు వస్తుంది."

ఆస్పత్రి కింది హాల్లో క్రిస్మస్ చెట్టు మిలమిలా వెలుగుతోంది. పైన మూడో అంతస్తులో, అద్దాల గదిలో, ఆమె ఏడేళ్ల కూతురు ఫోటో కోసం కాచుక్కూర్చుంది. పాప ఆ గది దాటి రాకూడదు. తెల్లారితే ఆపరేషన్.

"చెట్టు ఫోటో తెస్తే రేపు ఏడవకుండా వెళ్తానమ్మా," అంది పొద్దున. "సరిగ్గా ఐదింటికే తియ్యాలి. మంచి కెమెరాతో."

ఐదింటికే ఎందుకో తల్లి అడగలేదు. లైట్లు వేసేది అప్పుడే కాబోలు అనుకుంది. పిల్ల ఏడవనంటే చాలు, చుక్కలైనా కోసుకొస్తుంది.

తీరా కెమెరా కుర్చీ మీద పెట్టి నొక్కేసరికి, ఈ పెద్దాయన ఎక్కణ్ణుంచి వచ్చాడో వచ్చి చెట్టు పక్కన నుంచున్నాడు.

ఇస్త్రీ చొక్కా. నూనె రాసి దువ్విన జుట్టు. అప్పుడే గడ్డం గీసుకున్నట్టున్నాడు, చెంప మీద చిన్న గాటు.

జరగమంటే జరిగాడు. ఆమె మళ్లీ కెమెరా సర్దుకునేసరికి మళ్లీ వచ్చి అక్కడే నుంచున్నాడు.

"ఏవండీ, మీకే చెప్పేది."

"నేను కూడా ఉండాలమ్మా ఇందులో." మొహమాటంగా నవ్వాడు.

"మీరెందుకండీ?"

"అదే... పాప..."

"చూడండి, ఫోటో కావాలంటే స్టూడియోకెళ్లి దిగండి. ఆరు దాటితే నన్ను పైకి పోనివ్వరు."

"ఒక్కటంటే ఒక్కటి తియ్యి తల్లీ. తర్వాత నీకు అడ్డురాను."

ఆమెకు ఒళ్లు మండింది. పొద్దుట్నుంచి కడుపులో ఏమీ లేదు. కౌంటర్ దగ్గర జనంతో అరిచి అరిచి గొంతు పోయింది. పైన పిల్ల, రేపటి ఆపరేషన్. అంతా కలిసి ఆయన మీదికి వచ్చింది.

"నా కూతురు చెట్టు చూడాలని కూర్చుంది. మీ ముఖం చూడాలని కాదు."

హాల్లో నలుగురూ తలతిప్పి చూశారు.

పెద్దాయన చెయ్యి చెంప మీది గాటు దగ్గరికి వెళ్లింది. "నిజమేలే తల్లీ," అన్నాడు.

సంచీ భుజాన వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ గోడ దగ్గర ఆగి, హాల్లో ట్యూబ్‌లైట్లు ఆర్పేశాడు.

"ఇప్పుడు తియ్యి. ఇందాకట్నించీ ఆ వెలుగు వెనక అద్దంలో పడుతోంది."

తీసింది. ఎంత బాగా వచ్చిందో. ఒక్కో దీపం విడివిడిగా, ఒలికిపోకుండా. నేనే తీశానా అని ఆమెకే నమ్మబుద్ధి కాలేదు.

ఒక మంచిమాట చెబుదామని తలెత్తింది. ఆయన లేడు. పోనీలే అనుకుంది.

పైన మాస్కు కట్టుకుని, కెమెరాను మందు గుడ్డతో తుడిచి, పాప చేతికి ఇచ్చింది. పాప దాన్ని ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"బాగుందా నాన్నా?"

"చెట్టు బాగుంది. తాత ఏడీ?"

"ఏ తాత?"

"సబ్బు తాత. బయట్నుంచి రోజూ అద్దం తుడుస్తాడే. నువ్వు డ్యూటీకి వెళ్లాక నురగలో నాకు బాతులు వేస్తాడు. పడవలు వేస్తాడు. సూది గుచ్చేటప్పుడు ఆ బాతునే చూస్తూ ఉంటా, అప్పుడు ఏడుపు రాదు."

తల్లి నర్సు వైపు చూసింది.

"అద్దాలు తుడిచే పెద్దాయనండీ," అంది నర్సు. "ఇవాళ్టితో ఆయన పని ఆఖరు. కూతురి ఊరు వెళ్లిపోతున్నాడు. ఫోటో దిగి మరీ వెళ్తానని పాపకు మాటిచ్చాడు, పొద్దుట్నుంచి ఒకటే హడావిడి. ఇంటి నుంచి ఇస్త్రీ చొక్కా తెచ్చుకున్నాడు. గడ్డం కూడా ఇక్కడే గీసుకున్నాడు. మీకు కనపడలేదా?"

పగలంతా తను పిల్ల దగ్గర లేనప్పుడు ఉన్న మనిషిని, నలుగురిలో అంత మాట అంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

ఫోటోలు వెనక్కి జరిపింది. మొట్టమొదటి దాంట్లో ఆయన ఉన్నాడు. చెట్టు పక్కన తెల్లగా చొక్కా పోల్చుకోవచ్చు. ముఖం మాత్రం చెరిగిపోయింది. జరగమంటే జరిగాడు మరి.

"ఇదిగో, తాత," అంది.

పాప తెర మీద వేలు పెట్టి ఆ మసకను రెండుసార్లు తుడిచింది.

"పోవట్లేదమ్మా," అంది. "ఇక్కడ తాతకి ఎప్పుడూ మాస్కే. ఐదింటికి చెట్టు దగ్గర అది తీసేసి నుంచుంటా, అమ్మ తీసే ఫోటోలో చూసుకో అని నురగలో రాశాడు. చెట్లు టీవీలో బోలెడు చూశానమ్మా, తాత ముఖమే ఒక్కసారి కూడా చూళ్లేదు."