పాత కోచ్ ఊసు

జాతీయ ఫుట్‌బాల్ జట్టుకు కొత్త కోచ్ పేరు టీవీలో చెప్పగానే సెలూన్లో వాదన మొదలైంది.

“బంతి గుండ్రంగా ఉంటుందని వాడికెవరైనా చెప్పారా?” అన్నాడు యజమాని బావమరిది. అందరూ పగలబడి నవ్వారు. కుర్చీలో గడ్డానికి నురగతో కూర్చున్న కొత్త మనిషి కూడా నవ్వాడు.

“అది సరే బావా, మరి పాత కోచ్ ఏమయ్యాడు? ఇంటికి తాళం. పిల్లలు కూడా బడికి రావట్లేదట,” అన్నాడు బావమరిది.

యజమాని చేతిలో కత్తి ఆగింది. ఎవరో టీవీ కట్టేశారు. యజమాని కళ్ళతోనే సైగ చేసి బావమరిదిని ఇంటికి పంపేశాడు.

కొత్త మనిషి సగం గడ్డంతోనే లేచి, తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు. “ఇప్పుడు వెళ్ళినతని ఇల్లెక్కడ?”

“ఎవరో వచ్చిపోయే మనిషి సార్. నాకు తెలీదు.”

“ఇల్లు మాకు తెలుసు. మావాళ్ళు అక్కడే ఉన్నారు. నువ్వు చెబుతావో లేదో చూద్దామనే అడిగాను.”